కొండపల్లి బొమ్మ పుట్టుక మీద చారిత్రక నవల ఎట్ల రాయాలె?

మన నల్లగొండ, పాలమూరు దిక్కు నవలలు రాద్దామనుకునేటోళ్లు చరిత్ర అనంగనే దేవరకొండ, రాచకొండ కోటల మీద పడతరు, తప్పేం లేదు గానీ ఒక బొమ్మ ఎట్ల పుట్టిందో రాస్తే చేతిపని చేసేటోళ్ల బతుకంతా అండ్ల వస్తది, అందుకే కొండపల్లి బొమ్మను తీస్కోండ్రి అంటున్న.

ముందుగాల కాలం ఫిక్స్ చేస్కోవాలె. బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు తమ పెద్దలు 16వ శతాబ్దంల రాజస్థాన్ నుంచి వచ్చిన్రని చెప్తరు, శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా రాజులైన గజపతుల నుంచి కొండపల్లి కోట గెల్సుకున్నది గూడ ఆ శతాబ్దం మొదట్లనే. కథకు గంత చాలు. వాళ్ల మూలపురుషుడు ముక్తఋషికి ఈ విద్య శివుడిచ్చిండని ఒక నమ్మకం ఉంది, దాన్ని మీరు చరిత్ర లెక్క చెప్పొద్దు, కథల ఒక తాత మనవనికి చెప్తున్నట్టు రాయుండ్రి.

తర్వాత పోయి చూడాలె, ఇది మాత్రం ఎగ్గొట్టొద్దు. సూర్యాపేట, కోదాడ దాటి విజయవాడ హైవే మీద ఇబ్రహీంపట్నం కాడ దిగితే (మన రంగారెడ్డి ఇబ్రహీంపట్నం కాదు) కొండపల్లి పక్కనే. పనిచేసేటాయన పక్కన కూసోని చేతులు చూడుండ్రి. తెల్లపొణికి కట్టె తేలికగ, మెత్తగ ఉంటది, దాన్ని తడి పోయేదాక సన్నని సెగ మీద ఆరబెట్టి, కాళ్లు చేతులు వేరేవేరే చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన ముద్దతోటి అతికిస్తరు, అదే ముద్దతోటి ముక్కు, చెవి లాంటి సన్నపనులు దిద్దుతరు, ఆరినంక సున్నం పూసి మేకవెంట్రుకల కుంచెతోటి రంగులేస్తరు. మీ నవలల మంచి సీన్ ఇండ్లనే ఉంది. పరాయి దేశం నుంచి వచ్చిన వడ్రంగి కొత్త అడవిల ఏ కట్టె ఉలికి లొంగుతదో ఎతుక్కుంట ఒక్కో చెట్టు కొమ్మ కోసి చూస్తుంటడు, కొన్ని పగుల్తయ్, కొన్నిట్ల ఉలి దిగదు, ఆఖరికి పొణికి దొరుకుతది. రాజు వచ్చే చాప్టర్ కన్నా దీనికే ఎక్కువ పేజీలు ఇయ్యుండ్రి.

ఇగ తిండి కాడ శానమంది దొరికిపోతరు. ఆ కాలం మనిషి జొన్నరొట్టెల పచ్చిమిరపకాయ నంజుకోడు, పల్లిచట్నీ, టమాట, ఆలుగడ్డ, మక్కజొన్న ఏదీ ఉండదు, ఇవన్నీ అమెరికా ఖండం పంటలు, పోర్చుగీసోళ్లు వచ్చినంకనే మనకు అందినయ్. కారానికి మిరియాలు, పులుపుకు చింతపండు పెట్టుండ్రి. బొమ్మకు గూడ ఎనామెల్ పెయింట్ మెరుపు రాయొద్దు, ఆకులు, మట్టి, రాళ్ల రంగులే.

బట్టలు, నగలకు నల్లగొండ పక్కన పానగల్లుల ఉన్న మ్యూజియం, ఛాయా సోమేశ్వరం గుడి స్తంభాలు చూసి నోట్స్ రాస్కోండ్రి, కాకపోతే అవి ఇంకా పాతకాలంవి, అట్లనే దించొద్దు.

ఒక్క కుటుంబం, ఒక్క బొమ్మ చాలు, అంబారీ ఏనుగు అయితే కోటకూ ఇంటికీ లింక్ దొరుకుతది. డ్రాఫ్ట్ అయినంక పని చాప్టర్లు తీస్కపోయి బొమ్మలు చేసేటోళ్లకే చదివి వినిపియ్యుండ్రి, వాళ్లు తప్పన్నకాడ దిద్ది ఆ తర్వాతనే పబ్లిషర్‌కు పంపుండ్రి.