టీ సెల్ యాంటిజెన్‌ను ఎలా గుర్తుపడుతుంది? బట్టీ పట్టకుండా బొమ్మ వేసి నేర్చుకోండి

హన్మకొండలో నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లల్ని టీ సెల్ (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణం) యాంటిజెన్‌ను, అంటే వైరస్ ప్రొటీన్ లాంటి సరుకును, ఎలా గుర్తుపడుతుందో బొమ్మ వేయమంటే, దాదాపు అందరూ వైరస్‌ను తెచ్చి నేరుగా టీ సెల్‌కి అతికిస్తారు. డిగ్రీలో నేనూ అదే వేసి మార్కులు పోగొట్టుకున్నా, అందుకే తిట్టను. అలా నేరుగా పట్టుకునేది యాంటీబాడీ (రక్తంలో తిరిగే రక్షక ప్రొటీన్), టీ సెల్ కాదు.

పుస్తకం మూసి తెల్లకాగితం తీసుకోండి. సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు ఎప్పుడైనా పోయారా? ఖరీదుదారు బస్తాలో దూరి చూడడు. మూతి విప్పి గుప్పెడు మిర్చి పైకి తీస్తారు, ఒక కాయ విరిచి రంగు, తేమ చూసి ధర చెప్తాడు. టీ సెల్‌ది కూడా ఇదే పద్ధతి. కణం లోపల ఏం జరుగుతుందో దానికి కనిపించదు, కణమే తన ప్రొటీన్లను ముక్కలు చేసి, ఆ ముక్కను (పెప్టైడ్) ఎంహెచ్‌సీ అనే ప్రొటీన్ పళ్లెంలో పెట్టి బయటికి చూపిస్తుంది. టీ సెల్ రిసెప్టర్ (దాని పైన ఉండే గుర్తుపట్టే ప్రొటీన్) ముక్కనూ పళ్లేన్నీ కలిపే చూస్తుంది, ఏ ఒక్కటి లేకపోయినా బేరం లేదు. ఈ సంగతిని 1974లో శాస్త్రవేత్తలు జింకర్‌నాగెల్, డోహర్టీ ఎలుకల మీద చూపించారు, 1996లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు కాగితం మీద రెండు కణాలు గీయండి. మొదటిది వైరస్ సోకిన మామూలు కణం. లోపల తయారైన వైరస్ ప్రొటీన్‌ను ప్రొటియాజోమ్ అనే కత్తెర నరుకుతుంది, ముక్కలు ట్యాప్ అనే దారి గుండా కణం లోపలి పొరల గది ఈఆర్‌లోకి పోయి క్లాస్ 1 పళ్లెంలో కూర్చుంటాయి. సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాల పొడవు. దీన్ని చూసేది సీడీ8 కణం (చంపే రకం టీ సెల్), చూసిందంటే ఆ కణాన్ని చంపేస్తుంది. రెండోది డెండ్రిటిక్ కణం, టీ సెల్‌కు ముక్కలు చూపించడమే పనిగా ఉండే రోగనిరోధక కణం. ఇది బయట దొరికిన సరుకును మింగి, లోపలి సంచుల్లో అరగదీసి, ఇంకాస్త పొడుగు ముక్కల్ని క్లాస్ 2 పళ్లెంలో పెడుతుంది, అది సీడీ4కి (మిగతా రోగనిరోధక కణాలకు సాయపడే రకం టీ సెల్). ఏది దేనికో తికమక పడితే 8×1=8, 4×2=8 అని రాసుకోండి, లెక్క కుదరకపోతే బొమ్మ తప్పినట్టే.

మిర్చి పోలిక ఒకచోట తెగుతుంది. మార్కెట్లో ఒకే ఖరీదుదారు తేజా రకం మిర్చీ కొంటాడు, చపాటా రకం కూడా కొంటాడు. టీ సెల్ అలా కాదు. జన్యుముక్కలు కలగాపులగంగా అతుక్కుని ఒక్కో టీ సెల్‌కు ఒక్కో రకం రిసెప్టర్ తయారవుతుంది, దానికి నప్పే ముక్క ఎదురుపడేదాకా తిరుగుతూనే ఉంటుంది. మన సొంత ప్రొటీన్ల ముక్కలూ పళ్లేల్లో ఎప్పుడూ ఉంటాయి కదా, వాటి మీద గట్టిగా విరుచుకుపడే కణాల్ని థైమస్ (టీ సెల్స్ తయారయ్యే ఛాతీలోని గ్రంథి) చాలావరకు ముందే ఏరిపారేస్తుంది.

చాలామంది వదిలేసేది రెండో సిగ్నల్. ముక్క నప్పినంత మాత్రాన ఇంతవరకు పనిలో దిగని కొత్త టీ సెల్ కదలదు. డెండ్రిటిక్ కణం మీదున్న బీ7 అనే ప్రొటీన్, టీ సెల్ మీదున్న సీడీ28 అనే ప్రొటీన్‌ను తాకాలి. అది లేకుండా ముక్క మాత్రమే చూపిస్తే టీ సెల్ మొద్దుబారిపోతుంది, దాన్నే అనర్జీ అంటారు. బొమ్మలో ఈ రెండో గీత తప్పకుండా గీయండి.

అర్థమైందో లేదో చూసుకోవడానికి ఒక ప్రశ్న. ఏటూరునాగారం వైపు వానాకాలం వస్తే మలేరియా మాట వినబడుతూనే ఉంటుంది. పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో దాక్కుంటే సీడీ8 కణాలు దాన్ని ఎందుకు పట్టలేవు? ఎర్ర రక్తకణానికి కేంద్రకం లేదు, క్లాస్ 1 పళ్లెం దాదాపు లేనట్టే, ఇక లోపల ఏముందో చూపించేదెవరు? అదే పరాన్నజీవి అంతకుముందు కాలేయ కణంలో ఉన్నప్పుడు మాత్రం పళ్లెం ఉంది, సీడీ8 పట్టగలదు. ఆ రెండు కణాల్నీ పక్కపక్కన గీసి, ఒకదానికే పళ్లెం పెట్టండి.