కేజీఎఫ్ చూడాలంటే ముందు దిబ్బల దగ్గరికి వెళ్లండి

కోనసీమ కాలువల మీద నీళ్లు వదిలే లస్కరుగా చేసి రిటైరయ్యాను. ఏ ఊరెళ్లినా వాన నీళ్లు ఎటు పోతున్నాయో చూడటం నాకు అలవాటు. కర్ణాటకలోని కోలార్ బంగారు గనులకు, అదే కేజీఎఫ్‌కు, వెళ్లే మనవైపు వాళ్లకు నేను చెప్పేదీ అదే. గనిలోకి దిగే గోతుల (షాఫ్టుల) మీది టవర్లు ఎక్కడికీ పోవు, ముందు బంగారం తీశాక మిగిలిన బురద పోసిన సైనైడ్ దిబ్బలు చూడండి.

కాకినాడలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు బంగారుపేటలో దిగొచ్చు. అక్కణ్ణుంచి మారికుప్పం లోకల్. వేసవి గాలుల్లో మాత్రం వెళ్లొద్దు, దుమ్ము కళ్లు తెరవనివ్వదు. వాన పడ్డ మర్నాడైతే మేలు. అయినా మాస్కు ఉండాలి.

దిబ్బ ఎక్కకండి, పిల్లల్ని అసలే ఎక్కనివ్వకండి. కింద నిలబడి వాన కోసిన చారల్లో ఒకదాన్ని పట్టుకుని, అది ఎటు దిగిందో చూస్తూ నడవండి. ఏ కాలవలోనో, చెరువు వైపో తేలుతుంది. గోదావరి ఒండ్రు ఇలా దిగితే ఆ చేను పండుతుంది. ఇది ఒండ్రు కాదు. రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్లతో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన బురద. సైనైడ్ ఎండకు చాలావరకు విరిగిపోతుంది. సన్నటి రాతిపొడి, గంధకం కలిసిన ఖనిజాలు, భారలోహాలు మాత్రం ఉండిపోతాయి. 120 ఏళ్లలో తీసిన బంగారం సుమారు 800 టన్నులు. ఈ దిబ్బలేమో మూడు కోట్ల టన్నులు దాటాయి!

తర్వాత టవర్లు చూడండి. 1880లో జాన్ టేలర్ అనే బ్రిటిష్ కంపెనీ దిగింది, 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. 2001 ఫిబ్రవరి 28న అంతా మూతపడింది. పంపులు ఆగాక కింద నీళ్లు నిండాయి కాబట్టి పాత గోతుల దరిదాపులకు పోవద్దు.

గని కార్మికుల ఇళ్ల వరసల్లో (లేబర్ లైన్లలో) తమిళం ఎక్కువ, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లూ ఉన్నారు. పెద్దవాళ్లు కనిపిస్తే ‘ఏ షాఫ్టులో చేశారు?’ అని మొదలుపెట్టండి. సినిమా సంగతి ఎత్తొద్దు. రాతిపొడి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్న ఇళ్లు అవి. దగ్గు గురించి వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, గుచ్చి అడగొద్దు.

గుర్తుగా ఆ మట్టి మాత్రం తేకండి. కడియంలో కొన్న గులాబీ కుండీల్లోకి గుప్పెడు కావాలని మా ఆవిడ అడిగింది, నేను ఒప్పుకోలేదు. చెప్పులు స్టేషన్ కుళాయి దగ్గర కడుక్కుని రైలెక్కండి.