మూడు వాక్యాల్లో మాంగా కథ – 4వ పాఠం: ఇరకాటం పట్టుకోవడం

గత పాఠంలో పేర్ల సంగతి చూశాం. మాంగాకు, అంటే జపనీస్ కామిక్స్‌కు, రాసే మూడు వాక్యాల కథాపరిచయంలో ఒకటి, మహా అయితే రెండు పేర్లకు మించి వద్దనుకున్నాం. పేర్లు తగ్గించాక కూడా రాసింది చప్పగా ఉందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. మనిషి ఎవరో చెబుతున్నాం, ఏం చేస్తాడో చెబుతున్నాం, ఏ ఇరకాటంలో పడ్డాడో మాత్రం చెప్పట్లేదు. ఈ పాఠమంతా దాని గురించే.

"డెత్ నోట్"తో మొదలుపెడదాం. సుగుమి ఓబా రాసి తకేషి ఒబాటా బొమ్మలు వేసిన ఈ మాంగా 2003 నుంచి 2006 దాకా ఒక వారపత్రికలో వచ్చింది. దీని గురించి ఎక్కువగా కనిపించే పరిచయం ఇలా ఉంటుంది:

"లైట్ యాగామి చాలా తెలివైన విద్యార్థి. అతనికి అద్భుత శక్తులున్న ఒక నోట్‌బుక్ దొరుకుతుంది. దాంతో నేరస్థులను అంతం చేయాలనుకున్న అతనికి ఎదురైన ఉత్కంఠభరితమైన మలుపులేమిటి అన్నదే మిగతా కథ."

చెప్పినవన్నీ నిజాలే. కానీ ఏ శక్తులు? ఎవరు అడ్డొచ్చారు? చదివినవాడికి ఏమీ చేతికి చిక్కలేదు. ఇప్పుడిది చూడండి:

"పేరు రాస్తే ఆ మనిషి చనిపోయే నోట్‌బుక్ ఒక హైస్కూల్ కుర్రాడికి దొరుకుతుంది. ముఖం తెలియని వాళ్ల మీద అది పనిచేయదు. నేరస్థులను వరసబెట్టి చంపుతున్న అతణ్ణి పట్టుకోవడానికి, తన అసలు పేరూ ముఖమూ లోకానికి తెలియనివ్వని ఒక డిటెక్టివ్ రంగంలోకి దిగుతాడు."

రెండో వాక్యాన్ని వేలితో మూసి మళ్లీ చదవండి. డిటెక్టివ్ మామూలు డిటెక్టివ్ అయిపోతాడు. వేలు తీయగానే, కుర్రాడికి కావలసిన రెండే రెండు సంగతులు అవతలివాడు దాచుకున్నాడని తెలుస్తుంది. నియమం, దానికి సరిగ్గా అడ్డుపడే మనిషి. ఇరకాటం ఈ రెంటి మధ్యే ఉంది. విచిత్రమైన నియమం మీద నడిచే ఏ మాంగాకైనా పరిచయం రాసేటప్పుడు ముందు ఆ నియమంలోని లోటు వెతకండి. శక్తి ఎక్కడ పనిచేయదో అక్కడే కథ పుడుతుంది.

"అన్నదే మిగతా కథ" అనే ముక్తాయింపు మన సినిమా రివ్యూల నుంచి వచ్చి చేతికి అంటుకుపోయింది. "తెలియాలంటే చదవాల్సిందే" కూడా అంతే. ఈ రెంటినీ ఈ కోర్సు అయ్యేదాకా వాడకండి. ఇరకాటం సరిగ్గా పడితే మిగతా కథ ఉందని విడిగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కష్టమైనదానికి వద్దాం. నవొకి ఉరసావా "మాన్‌స్టర్" 1994 నుంచి 2001 దాకా సాగింది, 18 సంపుటాలు. ఇంత పెద్ద కథను మూడు వాక్యాల్లో ఎక్కడ ఆపాలన్నదే సమస్య. ముందు ముడిసరుకు చూడండి. 1986లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో కెంజో టెన్మా అనే జపనీస్ బ్రెయిన్ సర్జన్ ఉంటాడు. ఒకసారి పైవాళ్ల మాట విని, ముందొచ్చిన కూలీని వదిలేసి పేరున్న ఒపెరా గాయకుడికి ఆపరేషన్ చేస్తాడు. కూలీ చనిపోతాడు. కొద్దిరోజులకు తలలో తూటాతో ఒక పిల్లాడు, ఆ తర్వాత నగర మేయర్ ఆస్పత్రికి వస్తారు. ఈసారి డాక్టర్ పిల్లాడి దగ్గరే ఉండిపోతాడు. మేయర్ చనిపోతాడు, డాక్టర్ హోదా పోతుంది, పెళ్లి కుదిరిన అమ్మాయి వదిలేస్తుంది. తొమ్మిదేళ్ల తర్వాత ఆ పిల్లాడు పెరిగి హంతకుడై ఎదురుపడతాడు.

చాలామంది మేయర్ దగ్గరే ఆపేస్తారు. "మేయర్‌నా, పిల్లాణ్ణా?" అన్నది గట్టి ఇరకాటంలాగే కనిపిస్తుంది కాబట్టి. కానీ అది మొదటి సంపుటం సగంలోనే తేలిపోయే ప్రశ్న. 18 సంపుటాల పాటు ఆ డాక్టర్‌ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది.

"మేయర్‌ను పక్కనపెట్టి ముందొచ్చిన పిల్లాడి ప్రాణం కాపాడినందుకు ఒక సర్జన్ హోదా, పెళ్లి రెండూ పోగొట్టుకున్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత, ఆ పిల్లాడే వరస హత్యలు చేస్తున్నాడని తెలుస్తుంది. అన్ని ప్రాణాలూ సమానమని నమ్మిన డాక్టర్ ఇప్పుడు ఒక ప్రాణం తీయడానికి తుపాకీ పట్టుకుని బయల్దేరతాడు."

కూలీ సంగతి నేను వదిలేశాను. మనసొప్పక వదిలేశాను, ఎందుకంటే కథలో నాకు అన్నిటికన్నా బలంగా తగిలిన సన్నివేశం ఆ కూలీ భార్య డాక్టర్‌ను నిలదీయడమే. అయినా ఇరకాటానికి నేరుగా పనికిరానిది ఎంత మంచిదైనా పరిచయంలో ఉండకూడదు. క్రియలు కూడా గమనించండి. కథ మొదలవడానికి ముందు జరిగినది "పోగొట్టుకున్నాడు", అక్కణ్ణుంచి "తెలుస్తుంది, బయల్దేరతాడు". ఈ తేడా పాటిస్తే "ఫ్లాష్‌బ్యాక్‌లో" అనే మాట అవసరమే రాదు.

ఇరకాటమంటే చావుబతుకులే కానక్కర్లేదు. హిరోము అరకావా జపాన్‌లోని హొక్కైడోలో పాడిరైతుల ఇంట్లో పుట్టి పెరిగారు. ఆమె 2011లో మొదలుపెట్టిన "సిల్వర్ స్పూన్"లో చదువుల పోటీ తట్టుకోలేక ఒక సిటీ కుర్రాడు హాస్టల్ ఉన్న వ్యవసాయ పాఠశాలలో చేరతాడు. "అక్కడ అతనికి ఎదురైన అనుభవాలు" అని రాశారంటే చేతులెత్తేసినట్టే. దగ్గరకెళ్లి ఒక్క వస్తువు పట్టుకోండి. పాఠశాలలో ఒక బక్క పందిపిల్ల ఉంటుంది. కొన్ని నెలల్లో అది మాంసానికి పోతుందని తెలిసీ కుర్రాడు దానికి "బుతాదొన్" అని పేరు పెడతాడు. అది అన్నం మీద పంది మాంసం వేసి ఇచ్చే వంటకం పేరు. పేరు పెట్టాక ఇక అది మందలో ఒకటి కాదు, అతనిది. పరిచయంలో "తాను పేరు పెట్టి పెంచిన పందిపిల్లను తినగలనా అన్నది అతనికి ఎదురైన మొదటి పరీక్ష" అని ఒక్క వాక్యం చాలు. పాఠశాల, వ్యవసాయం, కుర్రాడి తెలియనితనం అన్నీ అందులోకి వచ్చేస్తాయి.

కొన్ని మాంగాల్లో ఇరకాటం మనుషులకు తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య ఉంటుంది. తత్సుయా ఎండో "స్పై ఎక్స్ ఫ్యామిలీ"లో గూఢచారి తండ్రి, హంతకురాలు తల్లి, ఎదుటివాళ్ల మనసు చదివే కూతురు. ఇలా వరసగా చెబితే జాబితా అవుతుంది. "భార్యాభర్తలు ఒకరి రహస్యం ఒకరికి తెలియకుండా కాపురం చేస్తుంటే, దత్తత తెచ్చుకున్న కూతురికి మాత్రం ఇద్దరి సంగతీ తెలుసు" అంటే కథ కదులుతుంది.

ఇరకాటమే లేని మాంగాల సంగతేమిటి? యారో అబే "మిడ్‌నైట్ డైనర్" అలాంటిది. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 7 దాకా తెరిచే చిన్న హోటల్. మెనూలో పంది మాంసం వేసిన మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ సెట్, మందు తప్ప ఏమీ ఉండవు. కానీ సరుకులుంటే అడిగింది వండిపెడతాడు యజమాని. ఇలాంటి కథకు ఇరకాటాన్ని బలవంతంగా అతికించకండి. వేళలు, మెనూ, ఆ ఒక్క వెసులుబాటు రాసి, ఆ వేళప్పుడు వచ్చే మనుషులెవరో చెప్పి ఆపేయండి. వాళ్లు అడిగే వంటకమే వాళ్ల కథ.

అభ్యాసం: ఈ రెండు ముడిసరుకుల నుంచి మూడేసి వాక్యాలు రాయండి.

ఒకటి, గెంగొరో తగామె "మై బ్రదర్స్ హజ్బెండ్". యయిచి చిన్న కూతుర్ని ఒంటరిగా పెంచుతున్నాడు. దూరమైపోయిన కవల సోదరుడు కెనడాలో చనిపోయాడు. అతని భర్త మైక్ జపాన్ వచ్చి వీళ్లింటి తలుపు కొడతాడు. కూతురికి మైక్ వెంటనే నచ్చేస్తాడు, తండ్రి తడబడతాడు. ఇరకాటం ఎవరిదో ముందు తేల్చుకోండి.

రెండు, "డ్రాప్స్ ఆఫ్ గాడ్". పేరుమోసిన వైన్ విమర్శకుడు చనిపోతాడు. తండ్రి మీద విముఖతతో వైన్‌కు దూరంగా ఉన్న కొడుకు బీరు కంపెనీలో పనిచేస్తున్నాడు. వీలునామాలో వర్ణించిన 13 వైన్లేవో గుర్తుపట్టినవాడికే ఆస్తి. పోటీకి తండ్రి దత్తత తీసుకున్న మరో యువకుడు ఉన్నాడు.

రాసిన కాగితాన్ని ఆ మాంగా చదవనివాళ్లకు ఇవ్వండి. "బాగుంది" అంటే లెక్కలోకి తీసుకోవద్దు. "అయితే ఏం చేశాడు?" అని అడిగితే వచ్చే పాఠానికి సిద్ధమైనట్టే. అందులో షోజో మాంగాల, అంటే ముఖ్యంగా అమ్మాయిల కోసం వచ్చే మాంగాల పరిచయాలు రాద్దాం, "నానా"తో మొదలుపెట్టి.