రెడీమేడ్ టెంప్లేటా, సొంత డిజైనా? ఇంటి ఫొటోలతో డిజిటల్ స్క్రాప్‌బుక్ ఎలా చేయాలి

టెంప్లేట్ ప్యాక్ (ఫొటోలకి గళ్లు, అలంకారాలు ముందే వేసి ఉంచిన పేజీల కట్ట) ఒకటి డౌన్‌లోడ్ చేస్తే అందులో 200 పేజీలుంటాయి, మన దగ్గర ఫొటోలు ఓ అరవై ఉంటాయి, ఇంకేముంది సాయంత్రానికల్లా ఆల్బమ్ అయిపోద్ది అనుకుంటాం. మా అమ్మమ్మ సహస్ర చంద్ర దర్శనానికి బుక్ చేద్దామని కూర్చున్నప్పుడు నేనూ సరిగ్గా ఇలాగే అనుకున్నా. నిజంగానే సాయంత్రానికి అయిపోయింది కూడా. కానీ తెరిచి చూస్తే ప్రతి పేజీ నిండా గులాబీ రంగు పూలు, మూలన ఇంగ్లీషులో ‘స్వీట్ మెమరీస్’ అని వంకర్లు తిరిగిన అక్షరాలు, మధ్యలో పాత స్టూడియో ఫొటోలో తాతయ్య కుర్చీలో బిగుసుకుని కూర్చుంటే అమ్మమ్మ పక్కన నిలబడి ఉంది, వాళ్లిద్దరికీ ఆ పూలకీ ఏ సంబంధమూ లేదు. మా అత్తయ్య చూసి ‘బాగుందిరా, ఎవరి పెళ్లి ఆల్బమ్‌రా ఇది’ అంది, అంతే, మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టా.

అలాగని టెంప్లేట్లు వద్దని చెప్పట్లేదు. రెండోసారి చేసిన బుక్‌లో కూడా సగం పైన పేజీలు టెంప్లేట్‌వే, కాకపోతే ఏది ఎక్కడ వాడాలో కొంచెం తెలిసింది. అదే ఇక్కడ రాస్తున్నా. ఫొటోషాప్ ఉంటే సరే, లేకపోతే గింప్ ఫ్రీగా దొరుకుతుంది, ఫొటోపీ అయితే ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు బ్రౌజర్‌లోనే పీఎస్‌డీ ఫైళ్లు, అంటే ఫొటోషాప్ ఫైళ్లు, తెరుస్తుంది, ఫోన్‌లో చేసేవాళ్లకి కాన్వా ఉంది.

ముందు పేజీ సైజు తేల్చుకోండి

అందరూ దీన్ని చివరికి వదిలేస్తారు. టెంప్లేట్ నచ్చింది కదా అని పని మొదలుపెట్టేసి, అంతా అయ్యాక ప్రింట్ షాపుకి వెళ్తే వాళ్లు ‘మా దగ్గర ఈ సైజు రాదండీ’ అంటారు. స్క్రాప్‌బుక్ టెంప్లేట్లు ఎక్కువ శాతం 12 అంగుళాల చదరంలో ఉంటాయి, మన ఊళ్లలో స్టూడియోల వాళ్లు వేసే కరిజ్మా ఆల్బమ్ ఏమో సాధారణంగా 12x36, అంటే తెరిచినప్పుడు అటు 18 ఇటు 18 అంగుళాలు. చదరం టెంప్లేట్‌ని అందులోకి సాగదీస్తే మనుషులు లావైపోతారు, ముక్క కోస్తే తలలు పోతాయి. కాబట్టి ముందు షాపుకి ఫోన్ చేసి సైజు ఎంత, చుట్టూ కటింగ్‌కి ఎంత వదలాలి, మధ్య మడతలో ఎంత పోతుంది అని మూడే మూడు ప్రశ్నలు అడిగేయండి.

తర్వాత లెక్క సింపుల్. ప్రింట్‌కి అంగుళానికి 300 పిక్సెల్స్ అనుకుంటే 12x12 పేజీ 3600x3600 అవుతుంది, 8x8 అయితే 2400x2400. కొత్త ఫైల్ ఈ కొలతలతోనే తెరవండి. చిన్నగా మొదలుపెట్టి తర్వాత పెంచుదాంలే అంటే కుదరదు, మసకగా వస్తుంది.

ఫొటోలు పోగేయడం

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలతో జాగ్రత్త. మామూలుగా పంపితే పొడవు వైపు దాదాపు 1600 పిక్సెల్స్‌కి కుదించేస్తుంది, అంటే 300 లెక్కన ఐదు అంగుళాలు దాటితే పగిలిపోతుంది. అది చిన్న ఫొటోగా వాడుకోవచ్చు, పేజీ నిండా వేయకూడదు. ఒరిజినల్ కావాలంటే ‘ఫొటోలా కాదు, డాక్యుమెంట్‌లా పంపు’ అని చెప్పాలి, ఆ చెప్పడంలోనే మాకు రెండు వారాలు పట్టింది, మా బాబాయికి ఇప్పటికీ తేడా తెలీదు, పాపం వీడియో కాల్‌లో ఆల్బమ్ ఎత్తి చూపించాడు.

పాత ప్రింట్లు ఉంటే స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి, 4x6 ఫొటో 2400x3600 పిక్సెల్స్‌గా వస్తుంది, దాన్ని రెండింతలు చేసి వేసినా ఆగుతుంది. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన, ఫ్లాష్ ఆపేసి, ఫొటోకి సమాంతరంగా ఫోన్ పట్టుకుని తీయండి. ఫ్రేములో ఉన్నదాన్ని అద్దం మీంచి తీస్తే ట్యూబ్‌లైట్ వచ్చి తాతయ్య నుదుటి మీద కూర్చుంటుంది.

ఏ పేజీకి టెంప్లేట్, ఏ పేజీకి సొంతం?

అసలు తిరకాసు ఇక్కడే. నేను మొదటిసారి చేసిన తప్పు ఏంటంటే టెంప్లేట్ తెరిచి, అందులో నాలుగు గళ్లున్నాయి కాబట్టి నాలుగు ఫొటోలు వెతికి పెట్టా. నాలుగో ఫొటో అక్కర్లేదు, అయినా గడి ఖాళీగా ఉంటే బాగోదని పెట్టా. ఆ టెంప్లేట్ చేసినవాళ్లు మన ఇంట్లో పద్నాలుగు మంది గుమ్మం ముందు వరసగా నిలబడే ఫొటో ఊహించి చేసుండరు కదా, వాళ్ల మనసులో ఉన్నది ఒక పాప, ఒక కేకు. గుండ్రటి ఫ్రేములో మన గ్రూప్ ఫొటో పెడితే అటు చివర పెద్దమామయ్య, ఇటు చివర చిన్నపిన్ని ఎగిరిపోతారు, తర్వాత వాళ్ల ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాం.

అందుకని రెండోసారి సాఫ్ట్‌వేర్ తెరవకుండా ముందు కాగితం తీసుకున్నా. ఒక్కో పేజీలో ఏం చెప్తున్నామో ఒక్క లైను రాసుకున్నా: ‘అమ్మమ్మ పుట్టిల్లు’, ‘గోదారి పుష్కరాలు’, ‘మనవల అన్నప్రాసనలు’, ఇలాగ. లైను పక్కన ఫొటోల నంబర్లు. అప్పుడు తేడా దానంతటదే కనపడింది. అన్నప్రాసనలు, పుట్టినరోజులు, టూర్లు, ఇలాంటివన్నీ ఒకేలాంటి ఫొటోలు ఎక్కువ ఉండే పేజీలు, వీటికి టెంప్లేట్ హాయిగా సరిపోతుంది, ఎవరూ డిజైన్ చూడరు, తమ మొహం ఎక్కడుందా అని చూస్తారు. ఒకే ఒక్క ఫొటో ఉండి దాని వెనక పెద్ద కథ ఉన్న పేజీలకి మాత్రం టెంప్లేట్ పనికిరాదు, అవి ఖాళీ పేజీ నుంచి మొదలుపెట్టాల్సిందే. మా 40 పేజీల బుక్‌లో అలాంటివి ఏడు తేలాయి. నాకైతే టెంప్లేట్ పేజీకి పావుగంట, సొంత పేజీకి రెండు మూడు గంటలు పట్టింది, కాబట్టి మొత్తం సొంతంగా చేస్తానని పంతం పట్టినవాళ్లు ఫంక్షన్ అయిపోయాక కూడా చేస్తూనే ఉంటారు.

టెంప్లేట్ పేజీ ఇలా చేయండి

1. పీఎస్‌డీ తెరవగానే ముందు అలంకారాలన్నీ ఆఫ్ చేయండి. లేయర్ల (పేజీలో ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరల) పక్కన కన్ను గుర్తు ఉంటుంది, పూలు, రిబ్బన్లు, సీతాకోకచిలకలు, ఇంగ్లీషు మాటలు అన్నీ నొక్కేయండి. ఫొటో గళ్లు, వాటి మధ్య ఖాళీలు మిగలాలి. మనకి టెంప్లేట్ ఇచ్చే అసలు సాయం ఆ ఖాళీల కొలతే.

2. ఫొటోని గడి లేయర్‌కి సరిగ్గా పైన పెట్టి క్లిప్పింగ్ మాస్క్ చేయండి, ఫొటోషాప్‌లో కంట్రోల్, ఆల్ట్, జీ. ఫొటో గడి ఆకారంలోకి వెళ్లిపోతుంది, లోపల జరుపుకోవచ్చు, కోయాల్సిన పనిలేదు. సైజు మార్చేటప్పుడు పొడవు, వెడల్పు కలిసే మారేలా చూడండి, ఒక్కటే మారితే మనిషి సాగుతాడు.

3. ఫొటోకి గడి సరిపోకపోతే గడిని మార్చండి. రెండు నిలువు గళ్లు కలిపి ఒక అడ్డం గడి చేస్తే గ్రూప్ ఫొటో పడుతుంది. టెంప్లేట్ ఏమీ అనుకోదు.

4. అదే టెంప్లేట్‌ని నాలుగు వైపులా తిప్పితే నాలుగు పేజీలు, అద్దంలోలా తిరగేస్తే ఇంకో నాలుగు. చదరం పేజీకి ఇది బాగా పనికొస్తుంది. ఒకటే జాగ్రత్త, కొన్ని టెంప్లేట్లలో నీడలు బొమ్మలోనే కలిసిపోయి ఉంటాయి, తిప్పితే అవీ తిరుగుతాయి, ఒక ఫొటోకి నీడ కిందకి, పక్కదానికి పైకి పడి ఏదో తేడాగా అనిపిస్తుంది కానీ ఏంటో చెప్పలేం. ఆ నీడలు తీసేసి మళ్లీ మీరే వేయండి.

5. ఇక తెలుగు రాయడం. ఇది కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే ఇక్కడే చాలామంది విసుగొచ్చి ఇంగ్లీషుకి వెళ్లిపోతారు. ఫొటోషాప్‌లో తెలుగు పేస్ట్ చేస్తే వత్తులు విడిపోయి కనపడుతున్నాయంటే తప్పు ఫాంట్‌ది కాదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ కనపడితే అది ఎంచుకోండి, పాత వెర్షన్లలో అదే చోట మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది, తర్వాత ప్రోగ్రామ్ మూసి తెరిచి కొత్త టెక్స్ట్ తీసుకోండి. ఫాంట్లంటారా, గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న, ధూర్జటి, ఇలా చాలా ఉన్నాయి, అన్నీ ఫ్రీ. పేరాలకి మండలి, హెడ్డింగుకి మందంగా రామభద్ర, ఈ రెండిటితో బుక్ మొత్తం లాగించేయొచ్చు. స్టూడియో వాళ్లు అను ఫాంట్లలో కొట్టిస్తారు, అందంగానే ఉంటాయి, కానీ ఆ మేటర్ కాపీ చేసి ఫోన్‌లో వేస్తే పిచ్చి గీతలొస్తాయి, అవి యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు.

ఇంకోటి, టెంప్లేట్‌లో మాటల కోసం వదిలిన చోటు ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేలా ఉంటుంది. మనకేమో పైన గుడి, కింద వత్తు. ‘లక్ష్మి’ అని రాస్తే పై లైను కాలు కింద లైను తల మీద పెడుతుంది. లైన్ల మధ్య ఖాళీ అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు పెట్టి చూడండి.

సొంత పేజీ ఇలా చేయండి

‘నాకు డిజైన్ రాదు’ అని భయపడక్కర్లేదు, బొమ్మలు మనం గీయట్లేదు, ఇంట్లో ఉన్నవే తెస్తున్నాం. అమ్మమ్మ మంగళగిరి చీర ఒకటి తీసి స్కానర్ మీద అంచు పరిచి 300లో స్కాన్ చేశా, ఆ పట్టీ పేజీ కింద అడ్డంగా వేస్తే ఏ ప్యాక్‌లోనూ దొరకని బోర్డర్ అయింది. మడతలు పడకుండా పైన బరువు పుస్తకం పెట్టండి. పాత ఇన్‌లాండ్ లెటర్లో తాతయ్య చేతిరాత, మూలలకి పసుపు రాసిన శుభలేఖ, బీరువా అడుగున దొరికిన రైలు టికెట్, అమ్మమ్మ వంటల పుస్తకంలో నూనె మరక పడ్డ పేజీ, ఇవన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి. మరక తుడవకండి.

ముగ్గు కావాలంటే ముదురు నేల మీద వేయించి నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తీయండి. సాఫ్ట్‌వేర్‌లో కలర్ తీసేసి, లెవెల్స్‌లో నలుపుని బాగా నల్లగా, తెలుపుని బాగా తెల్లగా లాగండి. దాన్ని పేజీ మీద పెట్టి బ్లెండ్ మోడ్ (పై పొర కింద పొరతో ఎలా కలవాలో చెప్పే సెట్టింగ్) స్క్రీన్ చేస్తే నలుపు మాయమై ముగ్గు గీత మిగులుతుంది. పేజీ రంగు ముదురుగా ఉండాలి, లేత పేజీ అయితే ముగ్గుని ఇన్వర్ట్ చేసి, అంటే నలుపు తెలుపు తారుమారు చేసి, బ్లెండ్ మోడ్ మల్టిప్లై పెట్టండి.

అమరికకి నాది ఒకటే పద్ధతి. 3600 పేజీని అడ్డం నిలువు 1200, 2400 దగ్గర గైడ్ గీతలతో మూడేసి భాగాలు చేసి, చుట్టూ 150 పిక్సెల్స్, అంటే అర అంగుళం, ఖాళీ వదుల్తా. ఒక ఫొటో పెద్దది, మూడింట రెండు వంతులు ఆక్రమించాలి, మిగతావి దాని పక్కన చిన్నగా. అన్నీ ఒకే సైజులో పెడితే ఓటర్ లిస్టులా ఉంటుంది. రంగులు మీరు ఊహించకండి, ఐడ్రాపర్‌తో (నొక్కిన చోటి రంగు పట్టిచ్చే టూల్) ఫొటోలోంచే తీసుకోండి, జాకెట్ రంగో గోడ సున్నం రంగో, రెండు చాలు. బ్లాక్ అండ్ వైట్ ఫొటో అయితే చీర అంచులోంచి తీసుకోండి. నీడ అన్నిటికీ ఒకే వైపు పడాలి, కాగితం ముక్కకి సన్నగా, బొత్తాము లాంటి మందపాటి వస్తువుకి కొంచెం ఎక్కువగా.

పేజీ బాగా కుదిరిందనుకోండి, ఫొటోల చోట బూడిద రంగు గళ్లు పెట్టి వేరే పేరుతో సేవ్ చేసేయండి. ఇప్పుడు అది మీ సొంత టెంప్లేట్, తర్వాత మీ చెల్లెలి సీమంతానికి పనికొస్తుంది.

లైసెన్స్ గురించి రెండు ముక్కలు. ఫ్రీ ప్యాక్‌లో పర్సనల్ యూజ్ అని ఉంటే ఇంట్లో బుక్‌కి వాడుకోవచ్చు, ఎవరికైనా డబ్బులు తీసుకుని చేసిస్తే కుదరదు, కమర్షియల్ యూజ్ ఉన్నది కొనాలి. కాన్వాలో ప్రో బొమ్మలు డబ్బు కట్టకుండా వాడితే వాటర్‌మార్క్ పడుతుంది.

ప్రింట్‌కి ఇచ్చే ముందు

పీఎస్‌డీ దాచుకుని, షాపుకి ఎస్‌ఆర్‌జీబీలో (సేవ్ చేసేటప్పుడు ఎంచుకునే రంగుల సెట్టింగ్) హై క్వాలిటీ జేపెగ్ ఇవ్వండి, ఫైళ్ల పేర్లు 01, 02 అని వరసగా. మడత దగ్గర మొహాలు లేకుండా చూడండి. నేను మొదటిసారి ప్రింట్‌కి ఇచ్చినప్పుడు సరిగ్గా మధ్యలో అమ్మమ్మ ముక్కు మీద మడత పడింది, షాపు వాడిని అడిగితే ‘మీరిచ్చిన ఫైలే కదండీ’ అన్నాడు, నిజమే మరి. మొత్తం ఇచ్చేముందు ఒక ముదురు రంగు పేజీ, ఒక పాత ఫొటో పేజీ టెస్ట్ ప్రింట్ తీయించండి, స్క్రీన్ మీద కనపడినదానికన్నా దాదాపు ఎప్పుడూ చీకటిగానే వస్తుంది. పేర్లు, వరసలు మాత్రం ఇంట్లో పెద్దవాళ్లతో ఒకసారి చదివించండి, నేను ఒకావిడ కింద ‘పెద్దమ్మ’ అని రాశా, తీరా చూస్తే ఆవిడ మేనత్త.

ఇంకా, ఒక్కటి కాదు రెండు కాపీలు వేయించండి. మొదటిది ఫంక్షన్ రోజే ఎవరో ఒక పిన్ని ‘చూసి ఇస్తానే’ అని పట్టుకెళ్లిపోద్ది.