విహార చెరువు కట్టను పరిశీలించడం ఎలా?

ఊరి అంచున ఉన్న చెరువును విహారస్థలంగా మార్చినప్పుడు కట్ట మీదికి నడకబాట, రెయిలింగు, దీపస్తంభాలు, సిమెంటు బల్లలు వస్తాయి గాని, వాటి కింద నీటిని ఆపుతున్నది పాత మట్టికట్టే. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కింద ఇలా ముస్తాబైన చెరువులనే జనం మినీ ట్యాంక్‌బండ్‌లు అంటున్నారు. ఆ చెరువు కింది కాలనీలో ఉండేవారు గాని, రోజూ పొద్దున అక్కడ నడిచేవారు గాని కట్ట మీద ఏం చూడాలో, చూసినదాన్ని ఎలా రాసిపెట్టుకోవాలో, ఎవరికి చెప్పాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. కట్ట బలాన్ని లెక్కగట్టడం ఇంజనీర్ల పని; నిన్న లేని మార్పు ఇవాళ కనిపిస్తే పోల్చుకోగలిగేది మాత్రం రోజూ చూసేవారే.

చిన్న కట్టే కదా అన్న ధీమా ముందు వదులుకోవాలి. 2021లో వచ్చిన ఆనకట్టల భద్రత చట్టం 15 మీటర్లు మించిన ఆనకట్టలకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల ఎత్తున్నవాటికి పొడవు, నిల్వ వంటి అదనపు షరతులు ఉన్నాయి. మన చెరువు కట్టల్లో చాలావరకు ఆ కొలతలను అందుకోవు కాబట్టి, చట్టం కోరే క్రమమైన తనిఖీలు వాటికి జరుగుతాయని అనుకోవడానికి లేదు. అయినా ప్రమాదాన్ని నిర్ణయించేది ఎత్తు ఒక్కటే కాదు, కట్ట కింద ఎవరున్నారన్నదీ. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కెల్లీ బార్న్స్ అనే చిన్న మట్టి ఆనకట్ట ఒకప్పుడు విద్యుత్తు కోసం వాడుకున్నది. 1957 తర్వాత అది కేవలం విహార సరస్సుగా మిగిలింది. 1977 నవంబరు 6 వేకువజామున అది తెగి, దిగువనున్న కళాశాల ఆవరణలో 39 మంది చనిపోయారు. కారణం ఇదొక్కటేనని తేల్చలేకపోయినా, నిటారుగా ఉన్న బయటి వాలు, దాని మీద పెరిగిన చెట్లు, కొన్నేళ్ల ముందే ఆ వాలు కొంత జారిన ఆనవాళ్లు దర్యాప్తులో బయటపడ్డాయి. ఇవన్నీ కిందికి దిగి చూసినవారి కంటికి ఆనే సంగతులే.

అందువల్ల మొదటి రోజు కట్ట ఎక్కకుండా, మత్తడి నుంచి నీరు పోయే వాగు వెంట కిలోమీటరో రెండు కిలోమీటర్లో దిగువకు నడవండి. చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే చోటే మత్తడి; దాన్నే కొన్ని ప్రాంతాల్లో అలుగని, కలుజని అంటారు. వాగు ఎక్కడ ఇరుకైంది, ఎక్కడ దాని మీద ఇళ్లు లేచాయి, తక్కువ ఎత్తున్న వంతెన ఎక్కడుంది, కింద మరో చెరువు ఉందా అన్నవి రాసుకోండి. మనవి గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే ఆ నీటి బరువు కింది కట్ట మీద పడుతుంది. 1908 మూసీ వరదలో పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయని మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క చెప్పారు. 2020 అక్టోబరులో హైదరాబాదు శివారు బాలాపూర్‌లో గుర్రం చెరువుకు గండి పడినప్పుడు మునిగినవి దిగువ కాలనీలే.

విహారం కోసం కట్టకు కొత్తగా చేసే హాని ఒకటుంది. పొలాలకు పారే రోజుల్లో చెరువు ఏటా నిండేది, ఏటా అడుగంటేది. వేసవిలో లోపలి వాలు బయటపడితే బాగోగులు చూసేవారు. ఇప్పుడు పడవలు తిరగాలని ఏడాది పొడవునా నిండుగా ఉంచుతున్నారు. దాంతో కట్ట లోపలి తేమ ఎన్నడూ తగ్గదు, నీళ్ల వైపు రాతి పేర్పు ఎవరికీ కనిపించదు, తూము షట్టరు ఏళ్ల తరబడి కదలదు. దీపాల కేబుళ్ల కోసం, మొక్కలకు నీటి పైపుల కోసం కట్ట పొడవునా తవ్వి వదులుగా పూడ్చిన కందకాల్లోకి వాననీరు దిగుతుంది. అందం కోసం పెట్టిన ఖర్చులో పదో వంతు కట్ట వెనక వైపు పెట్టి ఉంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

తనిఖీకి ఏడాదిలో మూడు సందర్భాలు ముఖ్యం: తొలకరికి ముందు, పెద్ద వాన పడిన ప్రతిసారీ, చెరువు నిండి మత్తడి దూకుతున్నప్పుడు. ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ వెళితే చిన్న గుంటలు, ఉబ్బులు కూడా నీడల వల్ల తెలుస్తాయి. ఒక నోటుపుస్తకం, టేపు, సన్నటి ఇనుప చువ్వ, మూతి వెడల్పున్న గాజుసీసా, ఫోను చాలు. ఒంటరిగా వెళ్లవద్దు, గడ్డిలో పాముల భయం ఎలాగూ ఉంటుంది. ఊళ్లో చెరువు నీటిని పంచే పాత నీరటి ఎవరైనా ఉంటే వెంట తీసుకువెళ్లండి, కట్ట ఏనాడు ఎక్కడ కారిందో ఆయనకు గుర్తుంటుంది.

కట్ట మీద నడుస్తున్నప్పుడు రెయిలింగు వరుసను ఒక చివర నుంచి ఒంటికన్నుతో చూడండి. మధ్యలో వంపు తిరిగినా, దీపస్తంభాలు ఒక పక్కకు ఒరిగినా కింద మట్టి కదిలిందని అనుమానించాలి. కట్ట కుంగిన చోటు అన్నింటికన్నా కీలకం, ఎందుకంటే వరద పొర్లేది అక్కడి నుంచే. తాపీమేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో పది అడుగులకొకసారి మట్టం చూస్తే ఆ పల్లం ఎక్కడుందో అరపూటలో తేలుతుంది. వేసవిలో నల్లమట్టి కట్ట పైపైన నెర్రెలిస్తుంది, దానికి కంగారు అక్కరలేదు. చువ్వ లోతుగా దిగే పగులైతే పట్టించుకోవాలి. కట్టకు అడ్డంగా, చెరువు వైపు నుంచి బయటి వైపుకు పోయే పగులు నీటికి దారి అవుతుంది. పొడవునా విల్లులా వంగి, ఒక అంచు కిందికి దిగిన పగులు వాలు జారబోతోందన్న సూచన.

అసలు విషయమంతా బయటి వాలు అడుగున ఉంది, నడకకు వచ్చేవారు అటు తొంగి చూడరు. ఎండిన వాలులో ఒకచోట మాత్రం తుంగ, జమ్ము పచ్చగా పెరిగితే అక్కడ ఊట ఉన్నట్టే. మట్టికట్ట కొంత చెమర్చడం సహజం; ఎంత కారుతోందన్నదాని కన్నా ఎలాంటి నీరు కారుతోందన్నది ముఖ్యం. ఊట నీటిని గాజుసీసాలో పట్టి అరగంట కదపకుండా ఉంచండి. తేటగా ఉంటే, ఒక బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, ఆ రోజు చెరువు మట్టం ఎంతో కలిపి రాసుకోండి. అడుగున మట్టి పేరుకుంటే కట్ట లోపల కోత మొదలైనట్టే, ఆ రోజే ఇంజనీరుకు తెలపాలి. చెరువు మట్టం పెరగకుండానే ఊట పెరిగినా అంతే. ఎలుకలు, పీతలు చేసిన బొరియలను లెక్కపెట్టి గుర్తు పెట్టండి. సర్కారు తుమ్మ లేత మొక్కలను ఎప్పటికప్పుడు కొట్టించవచ్చు గాని, మానైన చెట్టును వేళ్లతో సహా సొంతంగా పెకలించరాదు. కొట్టి వదిలేసినా వేళ్లు కుళ్లి నీటికి గొట్టాలవుతాయి. వేళ్లు తీసి, మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేయడం ఎండాకాలంలో ఇంజనీరు పర్యవేక్షణలో జరగవలసిన పని.

కట్టలోంచి పోయే తూము చుట్టూ మట్టి సరిగ్గా బిగుసుకోదు కాబట్టి, బుంగ పడే అవకాశం అక్కడే ఎక్కువ. నీరు తూము నోటి నుంచి రావాలి గాని దాని పక్కల నుంచి, పైనుంచి రాకూడదు. షట్టరును ఏడాదికొకసారైనా గ్రీజు పెట్టి తిప్పించమని సంబంధిత శాఖను అడగండి. చెరువును ఖాళీ చేయవలసి వస్తే మెల్లగా దించాలి. ఒక్కసారిగా దించితే నానిన లోపలి వాలు నీటి ఆసరా పోయి జారుతుంది.

మత్తడి దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. చేపలు పోకుండా వలలు, జాలీలు కడతారు. పడవలకు లోతు కోసం ఇసుక బస్తాలు పేర్చి మట్టం పెంచుతారు. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి ఆ జాలీలకు చుట్టుకుంటుంది. వరద పోవలసిన దారి ఇలా మూసుకుంటే మిగిలేది కట్ట మీదుగా పొర్లడమే, దాన్ని మట్టికట్ట తట్టుకోలేదు. వానాకాలానికి ముందే అవన్నీ తీసేయించాలి. మత్తడి దిగువన రాళ్లు లేచిపోయి గుంత పడితే, ఆ గుంత ఏటికేడు వెనక్కి తింటూ గోడ పునాదిని చేరుతుంది.

ప్రతిసారీ అవే చోట్ల నిలబడి ఫోటోలు తీయండి; రెయిలింగు స్తంభాలకు అంకెలు వేస్తే "17వ స్తంభం కింద తడి" అని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఫిర్యాదును నీటిపారుదల శాఖకు, పట్టణమైతే మునిసిపాలిటీకి కూడా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఎవరి పరిధి అన్న వాదన మొదలైనప్పుడు ఆ కాగితమే పనికొస్తుంది.

బురదనీరు ఉబికి వస్తుంటే, లోపలి వైపు నీటిలో సుడి కనిపిస్తే, వాలు కళ్లముందే జారుతుంటే ముందు దిగువవారిని కదిలించండి, వెంటనే 112కు, తహసీల్దారుకు, ఇంజనీరుకు చెప్పండి. ఉబికే చోటును బంకమట్టితో బిగించి మూసే ప్రయత్నం చేయకూడదు, నీరు మరోచోట బద్దలు కొట్టుకుని వస్తుంది. దాని మీద ముతక ఇసుక, ఆపైన కంకర, ఆపైన రాళ్లు పోస్తే నీరు పోతూనే మట్టి ఆగుతుంది. లేదా చుట్టూ ఇసుక బస్తాలతో బావిలా కట్టి, నీరు తేటబడేదాకా ఎత్తు పెంచుతారు. అది తెలిసినవారు దగ్గరుండి చేయించే పని. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట కారడం మొదలైనప్పుడు అధికారులు దిగువ గ్రామాలను ఖాళీ చేయించి మరమ్మతుకు దిగారు, కట్ట నిలిచింది. మీరు కట్ట మీద ఉంటే, జారుతున్న చోటికి అటూ ఇటూ దూరంగా జనాన్ని ఆపి, ఇంజనీరు వచ్చేదాకా గంటగంటకూ నీటిమట్టం, ఊట రంగు రాస్తూ ఉండండి.