గ్రబ్ రిపేరుకు కూర్చునే ముందు

గ్రబ్ అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే లైనక్స్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్. అది రిపేరు చేసేటప్పుడు నల్లగొండ ఎండాకాలంలో కరెంటును నమ్మొద్దు. పాత డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉంటేనే మొదలుపెట్టండి.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో (హార్డ్‌డిస్కుతో పనిలేకుండా దానిమీది నుంచే లైనక్స్ నడుస్తుంది) బూట్ చేసి ఫొటోలు, పట్టా పాసుబుక్కు స్కాన్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. బూట్‌లోడర్ పోయినంత మాత్రాన డేటా పోదు, టెన్షన్ వద్దు.

అసలు తిరకాసు మోడ్ దగ్గరే, అంటే కంప్యూటర్ బయోస్ అనే పాత పద్ధతిలో మొదలవుతుందా, యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలోనా అన్న దగ్గర. హార్డ్‌డిస్కులో సిస్టమ్ బయోస్‌లో ఎక్కించి ఉంటే పెన్‌డ్రైవ్‌నూ బయోస్‌లోనే తెరవాలి, యూఈఎఫ్ఐ అయితే యూఈఎఫ్ఐలోనే. బయోస్ మెషీన్‌లో గ్రబ్ మొత్తం డిస్కుకు ఎక్కాలి, ఎస్‌డీఏ1 లాంటి పార్టిషన్‌కు (డిస్కులో ఒక భాగానికి) కాదు. ఆ డిస్కు జీపీటీ (పార్టిషన్ల పట్టికలో కొత్త రకం) అయితే 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ కూడా ఉండాలి. ఎస్‌డీఏ అనేది లైనక్స్ ఒక డిస్కుకు పెట్టే పేరు, అది హార్డ్‌డిస్కే అనుకోకండి, ఒక్కోసారి ఆ పేరు పెన్‌డ్రైవ్‌కే పడుతుంది. 500 జీబీనా, 16 జీబీనా? సైజు చూసుకుని ఎంటర్ కొట్టండి.

కంప్యూటర్ గడియారం ఎప్పటిదో తేదీ చూపిస్తుంటే ముందు మదర్‌బోర్డు మీది సెల్లు మార్చండి. ఎక్కువగా సీఆర్2032 ఉంటుంది.