సియామీస్ పిల్లికి వాంతులు, మోషన్స్: గిన్నె సరే, గచ్చు చూశారా?

పిల్లి కక్కగానే చాలామంది మొదట ఫుడ్ మారుస్తారు. తర్వాత కడుపులో పురుగులు పోయే మందు వేస్తారు. అప్పటికీ తగ్గకపోతే ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలో పావు ముక్క విరిచి పెడతారు. ఇవన్నీ అయ్యాక నాకు ఫోన్ చేస్తారు. అప్పుడు అసలు కారణం పట్టుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే ఫుడ్ ఒక్కసారిగా మార్చినా మోషన్స్ అవుతాయి. ఇప్పుడున్నది పాత జబ్బో, కొత్త ఫుడ్ చేసిన పనో ఎవరికి తెలుస్తుంది?

మనుషుల మాత్రల సంగతి ముందే చెప్పేస్తాను. పారాసెటమాల్ పిల్లిని చంపుతుంది. సగం మాత్ర కూడా ప్రాణం మీదికి తెస్తుంది. మోషన్స్ ఆగడానికి మనం వేసుకునే మాత్రలు కూడా డాక్టర్ చెప్పకుండా వద్దు.

ముందు రెండు రోజుల లెక్క తీయండి

ఇంట్లో ఉన్న అందరినీ పిలిచి, నిన్నా మొన్నా పిల్లికి ఎవరు ఏం పెట్టారో అడగండి. ఇంత తేలికైన పని ఎవరూ చేయరు. "మేమేం పెట్టలేదండీ, డ్రై ఫుడ్డే" అంటారు. మామ్మగారిని విడిగా అడిగితే పొద్దున పెరుగన్నం ముద్ద, సాయంత్రం గ్లాసు అడుగున మిగిలిన పాలు బయటికొస్తాయి. సియామీస్ జాతి మామూలు పిల్లిలా ఊరుకోదు. వెంటపడి, గొంతెత్తి, మనిషి విసిగి ఏదో ఒకటి పడేసేదాకా అరుస్తుంది. అందుకే ఈ జాతి పిల్లులకు దొంగచాటు తిండి ఎక్కువ.

ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదు. పాలు మానేస్తే రెండు మూడు రోజుల్లో మోషన్ గట్టిపడుతుంది, మందు అక్కర్లేదు. మన వైపు ఇంకో ముప్పు చేపల పులుసు. చేప మంచిదే, ఉల్లి, వెల్లుల్లి మంచివి కావు. అవి పిల్లి రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. ముక్క కడిగి పెట్టాం కదా అంటారు, కడిగితే ఉడికినప్పుడు లోపలికి దిగింది పోదు. ఎండు నెత్తళ్ళలో ఉప్పు ఎక్కువ. చేప పెట్టాలనుంటే ఉప్పు, పసుపు ఏమీ లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి, అప్పుడప్పుడు కొంచెం పెట్టండి.

తిన్న వెంటనే, తిన్నది తిన్నట్టే బయటికొస్తే

పొట్ట ఎగరేయకుండా, గుళికలు గుళికలుగానే పడితే అది వాంతి కాదు. చాలాసార్లు గబగబా మింగేయడమే కారణం. రోజుకు రెండుసార్లు పెట్టేది నాలుగుసార్లు చేయండి, లోతు గిన్నె మానేసి వెడల్పు పళ్ళెంలో పరిచి పెట్టండి. చాలావరకు ఇక్కడితో తీరిపోతుంది.

"వెంట్రుకల ఉండలండీ" అని వారం వారం వచ్చే వాంతిని కొట్టిపారేయవద్దు. పర్షియన్‌కి పొడుగు బొచ్చు కాబట్టి ఆ మాట కొంత చెల్లుతుంది. సియామీస్‌కి ఉన్నదే పొట్టి బొచ్చు.

తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది: ఇక్కడే అందరూ దారి తప్పేది

ఫుడ్ అదే. మామ్మగారు పాలు మానేశారు. పురుగుల మందు పడింది. అయినా వారానికో పది రోజులకో ఒకసారి తెల్లటి నురగ వాంతి, ఒకటి రెండు పల్చటి మోషన్స్, ఒక పూట తిండి మానేయడం. తర్వాత మామూలే. ఇలా చెబితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఇల్లు ఏ రోజు కడుగుతారు?

భీమవరంలో ఒక ఫ్లాట్‌లో పెరిగే పిల్లి విషయంలో ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి నెలలు పట్టింది. ఫుడ్డులు మారాయి, రక్త పరీక్షలు అయ్యాయి, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. చివరికి వాంతి అయిన ప్రతిసారీ గోడ క్యాలెండర్ మీద సున్నా చుట్టమంటే, సున్నాలన్నీ శుక్రవారం, శనివారం గళ్ళలోనే పడ్డాయి. శుక్రవారం పొద్దున్నే పూజకు ముందు ఇల్లంతా ఫినాయిల్ నీళ్ళతో తుడుస్తారు. శ్రావణ మాసంలో మరీ ఎక్కువైందన్నారు. అవదా మరి? బయట ముసురు, కిటికీలు మూసి ఉంటాయి, గచ్చు మధ్యాహ్నం దాకా ఆరదు.

పిల్లి చెప్పులు వేసుకోదు కదండీ. నాలుగు పాదాలూ, తోకా, పొట్టా నేలకే తగులుతాయి. ఆ తర్వాత ఒక మూల కూర్చుని ఒళ్ళంతా నాక్కుంటుంది. నేల మీద ఉన్నదంతా అలా నోట్లోకి పోతుంది. నల్ల ఫినాయిల్‌లో బొగ్గు తారు నుంచి వచ్చే ఫినాల్ జాతి రసాయనాలు ఉంటాయి. తెల్ల ఫినాయిల్‌లో సాధారణంగా పైన్ నూనె ఉంటుంది. సువాసన వచ్చే రంగు ఫ్లోర్ క్లీనర్లలో చాలావాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే క్రిములను చంపే రసాయనం ఉంటుంది. మన కాలేయం ఫినాల్ లాంటివాటిని గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైమ్ పిల్లికి చాలా తక్కువ. పారాసెటమాల్ దానికి విషం కావడానికీ ఇదే లోటు ముఖ్య కారణం. పక్కింటి కుక్క అదే ఫినాయిల్ మీద హాయిగా పడుకుంటుందని ధైర్యపడకండి.

బెంజాల్కోనియం దెబ్బ ఇంకో రకం. అది నాలుకను కాలుస్తుంది. పుండు తేలడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి పొద్దున తుడిచిన నేలకూ రాత్రి మానేసిన తిండికీ సంబంధం ఎవరికీ తట్టదు. పిల్లి ఆకలిగా గిన్నె దగ్గరికి వెళ్తుంది, వాసన చూస్తుంది, వెనక్కి వచ్చేస్తుంది. "ఈ ఫుడ్ నచ్చట్లేదు" అనుకుని యజమాని కొత్త ప్యాకెట్ తెస్తాడు. రెండు మూడు రోజుల్లో నోరు కొంచెం మానగానే తినడం మొదలుపెడుతుంది, ఆ పేరు కొత్త ఫుడ్‌కి వస్తుంది. మళ్ళీ శుక్రవారం వస్తుంది.

ఇదేనా అని గుర్తుపట్టడానికి: చొంగ కారుస్తుందా, ఊరికే పెదవులు చప్పరిస్తుందా, పాదాలు పదేపదే నాకుతుందా చూడండి. కుదిరితే నోరు తెరిచి నాలుక అంచులు చూడండి. ఎర్రగా కమిలినా, తెల్లటి మచ్చ ఉన్నా అనుమానం గట్టిపడినట్టే. ఒక్క చొంగే ఉంటే మనీ ప్లాంట్ కొరికిందేమో కూడా చూసుకోండి. కడియం నర్సరీల నుంచి తెచ్చి హాల్లో పెట్టుకునే మొక్కల్లో మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా రెండూ నోరు మండించి వాంతి తెప్పిస్తాయి.

పరీక్షకు ఖర్చు లేదు. రెండు వారాలు ఇల్లంతా వట్టి నీళ్ళతో తుడవండి. ఆ రెండు వారాలూ ఇంకేమీ మార్చవద్దు, ఫుడ్ కూడా. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. పాత మాప్ గుడ్డ, బకెట్ పక్కన పెట్టేయండి, వాటిలో ఫినాయిల్ ఇంకిపోయి ఉంటుంది. పనమ్మాయికి మీరే స్వయంగా చెప్పండి. "ఫినాయిల్ మానేశాం, అయినా తగ్గలేదు" అన్న ఇళ్ళలో ఆరా తీస్తే, ఆవిడ అలవాటు కొద్దీ ఒక మూత పోస్తూనే ఉంటుంది, ఎవరూ ఆవిడకు చెప్పరు. బాత్రూమ్, బాల్కనీ కూడా లెక్కలోకే వస్తాయి. పిల్లి మలమూత్రాలకు వెళ్ళే లిట్టర్ ట్రేని ఫినాయిల్‌తో కడిగేవాళ్ళూ ఉన్నారు. అందులోనే పిల్లి కాళ్ళతో తవ్వుతుంది. ట్రేకి గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్ళు చాలు. వాష్ బేసిన్‌లో వేసే కలరా ఉండలు కూడా తీసేయండి, అవీ విషమే.

వాసన వస్తుందంటారు. వేడినీళ్ళలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి తుడిచి, మళ్ళీ మంచినీళ్ళతో తుడిస్తే వాసన ఉండదు. పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే పిల్లిని ఒక గదిలో పెట్టి తలుపు వేసి, సీసా మీద రాసిన కొలత ప్రకారమే కలిపి తుడవండి. తర్వాత వట్టి నీళ్ళతో ఇంకోసారి తుడిచి, ఫ్యాన్ వేసి పూర్తిగా ఆరాకే తలుపు తీయండి. రెండోసారి తుడవడం మానేసి "ఆరిపోయిందిగా" అనకండి. ఆరేది నీరే, మందు నేల మీదే ఉంటుంది. తడి పాదంతో నడిస్తే మళ్ళీ అంటుకుంటుంది.

ఇప్పుడే తడి నేల మీద నడిచిందా? గోరువెచ్చని నీళ్ళు, తేలికపాటి సబ్బుతో పాదాలు కడిగి, తుడిచి ఆరబెట్టండి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు, కాలిన గొంతు మళ్ళీ కాలుతుంది. విరుగుడని పాలు, మజ్జిగ పోయొద్దు. చొంగ ఆగకపోయినా, నాలుక పుండు కనిపించినా, తూలినా, వణికినా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. సీసా మీద లేబుల్ ఫొటో తీసి తీసుకెళ్ళండి.

వణుకు అన్నాను కాబట్టి చీమల సంగతి కూడా. మన ఊళ్ళలో పిల్లి గిన్నెకు చీమలు పట్టడం మామూలే. కొందరు గిన్నె చుట్టూ చీమల చాక్‌పీసుతో గీత గీస్తారు. అందులో ఉండే పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు పిల్లి నరాల మీద పనిచేస్తాయి. పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో గిన్నె పెడితే ఏ చీమా రాదు.

వానాకాలం మోషన్స్

చవకని పెద్ద బస్తా కొని నెలల తరబడి ఒక్క పిల్లికి పెడితే, ఈ చెమ్మకు అందులోని కొవ్వు ముక్కిపోతుంది. ప్యాకెట్‌తో సహా బిగుతు మూత డబ్బాలో పెట్టి, తెరిచాక నెలా నెలన్నరలో అయిపోయేంతే కొనండి. షాపులో విప్పి లూజుగా అమ్మేది కొనవద్దు, దానికి తేదీ ఉండదు. వెట్ ఫుడ్ మిగిలితే గంట దాటాక పారేయండి. ఫుడ్ మార్చక తప్పకపోతే పాతదానిలో కొత్తది రోజూ కొంచెం పెంచుతూ వారం పది రోజుల్లో మార్చండి.

మోషన్స్ అవుతున్నా హుషారుగా ఉంటే, ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ ఎముకల్లేకుండా కొంచెం కొంచెంగా రెండు రోజులు పెట్టి చూడండి. పక్కనే మంచినీళ్ళు ఉండాలి. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే బద్దె పురుగు. మందుతో పాటు ఒంటి మీది గోమార్లు (ఫ్లీస్) కూడా వదిలించాలి, అవి ఉన్నన్నాళ్ళూ పురుగు తిరిగొస్తుంది.

ట్రేలో కూర్చుని ముక్కుతుంటే

మలబద్ధకం అనుకుని ఆముదం పట్టకండి. మగపిల్లి అయితే మూత్రం బిగుసుకుని ఉండొచ్చు. ట్రేలో మూత్రంతో తడిసిన ఉండ ఉందో లేదో చూడండి. లేకపోతే తెల్లారేదాకా ఆగకండి, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

పూలదారం

సియామీస్‌కి గుడ్డలు, ఉన్ని, దారాలు నమిలే పిచ్చి ఎక్కువ. దేవుడి పటానికి వేసిన దండ వాడగానే దారంతో సహా చెత్తబుట్టలో, మూత ఉన్నదాంట్లో పడేయండి. ఏది తాగినా వాంతి అయిపోతుంటే, పిల్లి ముడుచుకుని కూర్చుంటే దారం మింగిందేమో అనుమానించాలి. నోట్లోనో వెనకనో దారం కొస కనిపిస్తే లాగవద్దు, పేగు కోసుకుపోతుంది. అది ఆపరేషన్ కేసు.

మిగతావి

బల్లి తిన్నదని హడావిడి పడే ఫోన్లు నాకు చాలా వస్తాయి. ఆ పూట వాంతి కావచ్చు, అంతే. బల్లుల ద్వారా కాలేయంలో చేరే పురుగు ఒకటుంది కానీ అది ఒక్క రోజులో బయటపడే జబ్బు కాదు, చిగుళ్ళు పచ్చబడితే అప్పుడు ఆలోచిద్దాం. పిల్లి కూనకు దుర్వాసనతో జిగట మోషన్ అవుతుంటే మల పరీక్ష చేయిస్తే జియార్డియా లాంటి పేగు క్రిములు తెలుస్తాయి. ఒకసారి కనబడలేదని లేదనుకోవద్దు, వేర్వేరు రోజుల మలం చూపించాలి. పుట్టుకతో వచ్చే అన్నవాహిక లోపాలు, పేగు వాపు, ముసలితనంలో పేగు క్యాన్సర్ ఈ జాతిలో ఉన్నాయి. అవి డాక్టర్ స్కానింగ్ లాంటి పరీక్షలు చేసి తేల్చేవి. దగ్గర్లో స్కానింగ్ లేకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది.

టీకా పడని పిల్లి కూనకు వాంతులు, మోషన్స్, నీరసం కలిసి వస్తే మాత్రం పైవేవీ చూస్తూ కూర్చోకండి. ఇల్లు దాటని పిల్లికి కూడా పాన్‌ల్యూకోపీనియా అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బు మన చెప్పుల మీద వస్తుంది. రక్తం పడినా, చిగుళ్ళు పాలిపోయినా, ఒక రోజంతా ఏమీ తినకపోయినా అదే రోజు తీసుకెళ్ళాలి. వెళ్ళేటప్పుడు వాంతి ఫొటో, మోషన్ కొంచెం మూత డబ్బాలో, ఆ సున్నాలు చుట్టిన క్యాలెండర్ కాగితం పట్టుకెళ్ళండి. మన పశువుల ఆసుపత్రుల్లో రోజంతా గేదెల్ని చూసే డాక్టర్ గారికి మీ పిల్లి కథ చెప్పడానికి దొరికేది నాలుగు నిమిషాలు.